నాలుగు వందల ముప్పై నాలుగో గీత

పోయిన వారం భద్రమ్మను కంప్యూటర్ గది ముందు, చేతిలో చల్లారిన టీ గ్లాసుతో వదిలిపెట్టి వచ్చాం. ధర్మవరంలో పట్టుచీరల అంచులకు గళ్ల కాగితం మీద డిజైన్లు గీసిన శివప్ప కూతురు ఆమె. గళ్లు నింపిన చెయ్యి ఈ యంత్రాన్ని కూడా పట్టుకోగలదని నమ్మి, ముదిగుబ్బలోని భూమి అభివృద్ధి సంస్థ అధికారి జయరాముడు ఏడాది కిందట ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్నాడు. ఎండి బోడిగా ఉన్న తోడేళ్లగుట్ట వాలునంతా ఒక తోటలా తీర్చిదిద్దాలని అతని కల. పైన కానుగలు, నడుమ సీతాఫలాలు, వాటి మధ్య గడ్డి వరసలు, అడుగున వాననీళ్లు పారే వంకకు అడ్డంగా కట్ట, కట్ట వెనక ఊటకుంట. ఆ డిజైనంతా కంప్యూటర్‌లో గీసింది భద్రమ్మే. అది చూసుకుని కూలీలు నెల రోజులుగా కట్ట పోస్తున్నారు. ఇంతలో గొర్రెలు కాసుకునే కదిరప్ప ఆఫీసుకు వచ్చి, గోడ మీది పటంలో వేలు పెట్టి, "వాన గట్టిగా కొడితే నీళ్లు మీరు చెప్పే పక్కకి పోవమ్మా. ఎడమ పక్క ఓబన్న కొట్టాల మీదికి పోతాయి. నా గొర్రెలు ఆ దావనే దిగుతాయి, నాకు తెల్దా?" అని చెప్పి వెళ్లిపోయాడు. భద్రమ్మ అతని ముందు నవ్వింది. అతను వెళ్లాక మాత్రం ఆ నవ్వు నిలవలేదు.

అది ఎనభై ఎనిమిది ఆగస్టులో ఒక సోమవారం.

ఆమె గ్లాసు మెట్టు మీద పెట్టి గదిలోకి వెళ్లింది. ఆ గదికి కిటికీలు ఉన్నాయి గానీ తెరవరు. దుమ్ము పడితే యంత్రం పాడవుతుందని జయరాముడు వాటికి చుట్టూ రబ్బరు పట్టీలు కొట్టించాడు. ఆఫీసు మొత్తానికి చల్లగాలి వేసే మిషను ఆ ఒక్క గదిలోనే ఉంది. మొదట్లో జనం తలుపు అద్దంలోంచి తొంగి చూసేవాళ్లు. కొన్నాళ్లకు అదీ మానేశారు. ఉదయం తొమ్మిదికి చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తే, సాయంత్రం ఆరింటికి మళ్లీ ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టేదాకా ఆమెతో మాట్లాడేవాళ్లు ఉండరు. మధ్యాహ్నం వెనక మెట్ల మీద కూర్చుని అన్నం తినేది. ఆమె రాగానే అక్కడున్న ఆడకూలీలు లేచి పక్కకు జరిగేవాళ్లు. గౌరవంతోనే జరిగేవాళ్లు. ఆ గౌరవం ఆమెకు ముద్ద మింగనిచ్చేది కాదు.

గది మధ్యలో పెద్ద బల్లంత పలక ఉంది. దాని మీద పటం పరిచి, అద్దం బిగించిన చిన్న బిళ్లను ఒక గీత వెంట మెల్లగా నడిపిస్తే, పలక ఆ జాడను పట్టుకుని కంప్యూటర్ తెర మీద పచ్చటి గీతగా చూపిస్తుంది. తోడేళ్లగుట్ట పటం నిండా అలాంటి గీతలే. ఒకే ఎత్తులో ఉన్న చోట్లనన్నిటినీ కలుపుతూ గుట్టను చుట్టివచ్చే గీతలు. ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య ఒక మీటరు ఎత్తు తేడా. గీత నడిపించడం అయిపోగానే దాని ఎత్తెంతో అంకెలు కొట్టి యంత్రానికి చెప్పాలి. చెప్పిన అంకెనే యంత్రం నమ్ముతుంది. నేలను అది చూడదు.

భద్రమ్మ బీరువాలోంచి ట్రేసింగు తీసి పలక మీద పరిచింది. సర్వే కొలతల్ని బట్టి చేత్తో గీసిన అసలు పటం అదే. పలక కంటే పెద్దది కావడంతో దాన్ని ఆమె రెండు సగాలుగా ఎక్కించింది. వంకకు కుడి పక్క ఒక రోజు, ఎడమ పక్క మరో రోజు. ఇప్పుడు తెర మీది అంకెల్నీ కాగితం మీది అంకెల్నీ పక్కపక్కన పెట్టి పైకి చదవడం మొదలుపెట్టింది. కుడి సగంలో తేడా లేదు. ఎడమ సగంలో నాలుగు వందల ముప్పై రెండు, ముప్పై మూడు...

తెర మీద ముప్పై మూడు తర్వాత ముప్పై అయిదు ఉంది.

ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ చదివింది. కాగితం మీద ముప్పై నాలుగు ఉంది. తెర మీద అదే గీతకు ముప్పై అయిదు. దాని పైదానికి ముప్పై ఆరు. అలా గుట్ట కొనదాకా ప్రతి గీతకూ ఒకటి ఎక్కువ.

గుర్తొచ్చింది. మార్చి నెలలో ఎడమ సగం ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. రెండు గంటల తర్వాత వచ్చింది. అప్పటికి దాచుకోని గీతలన్నీ పోయాయి. మళ్లీ కూర్చుంది. ముప్పై నాలుగు అయిపోయిందనుకుని, ఆ గీత మీదే బిళ్లను నడుపుతూ ముప్పై అయిదు అని కొట్టింది. అంతే జరిగింది. ఆ ఒక్క అంకెతో వంకకు ఎడమ పక్క నేలంతా పటంలో ఒక మీటరు పైకి లేచింది. అక్కడ నేల ఎత్తుగా ఉందని నమ్మి కట్ట కొసను తెచ్చి ఆ నేలకు ఆనించారు. కుంట నిండితే ఎక్కువ నీళ్లు కుడి పక్కన కట్టిన మరవ మీదుగా పొర్లి వంకలో కలవాలి. ఇప్పుడు అవి మరవదాకా రావు. ఎడమ కొసను చుట్టి కిందికి దూకుతాయి. కింద ఓబన్న కొట్టాలు. పదకొండు ఇళ్లు.

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. ధర్మవరంలో ఉన్నప్పుడు గళ్ల కాగితం పూర్తవగానే నాయన ముందు పెట్టేది. చూపు మందగించినా ఆయన వేలితో తడుముతూ, పైకి లెక్కపెడుతూ పోయేవాడు. రెండో మనిషి వేలు పడకుండా ఒక్క అంచు కూడా మగ్గం ఎక్కలేదు. నాయన పోయి మూడేళ్లయింది. ఇక్కడ ఆమె పనిని సరిచూడగలిగేవాళ్లు ఎవరూ లేరు.

ఉన్నాడు. ఒక్కడున్నాడు. ఆ ట్రేసింగు గీసినవాడు.

దాసప్ప ఇరవై ఆరేళ్లు నక్షాలు గీశాడు. కంప్యూటర్ వచ్చిన నెలలోనే అతని ఏటవాలు బల్లను వరండాలోకి, అక్కణ్నుంచి షెడ్డులోకి మార్చారు. ఉద్యోగం మాత్రం తీయలేదు. మొక్కల పెంపకం దగ్గర పేర్లు రాసే పని ఇచ్చారు. ఆఫీసు వెనక తడికెల నీడలో ముక్కాలిపీట మీద కూర్చుని రేకుముక్కల మీద 'కానుగ', 'సీతాఫలం', 'వేప' అని రాస్తుంటాడు. ఏడాదిగా ఒకే ప్రహరీ లోపల పనిచేస్తున్నా అతనూ భద్రమ్మా మాట్లాడుకున్నది పది మాటలుండవు.

ఆమె వెళ్లేసరికి అతను ఒక రేకు మీద రాసిన అక్షరాలు ఆరబెడుతున్నాడు.

"దాసప్పన్నా."

"ఏమ్మా, ఈడికొచ్చినావు?" అన్నాడు తలెత్తకుండానే.

"గుట్ట పటంలో ఎడమ పక్క నేను తప్పు చేసినా. ముప్పై నాలుగుకు..."

"ముప్పై అయిదు కొట్టినావు."

అతను కుంచెను కిరసనాయిలు డబ్బాలో ముంచి, గుడ్డతో ఒత్తి తుడిచాడు.

"నీకెట్ల తెలుసు?"

"పటం గోడకు తగిలించిన రోజే తెలుసు. సందకాడ అందురూ పోయినాక నిలబడి చూసినా. వంక కాడ రెండు సగాలు కలిసే చోట, ఒగే గీతకు కుడి పక్కేమో ముప్పై నాలుగని ఉండాది, ఎడమ పక్కేమో ముప్పై అయిదని ఉండాది. ఒగ గీతకు రెండు ఎత్తులు ఉంటాయామ్మా?"

"ఆ రోజే చూసినావా? నెల దాటింది గదన్నా!" ఆమె గొంతు పెరిగింది. "ఎందుకు చెప్పలేదు?"

"ఎవురడిగినారు?"

"అడగల్లా? ఆడ పదకొండిండ్లుండాయి! పిల్లాజెల్లా ఉండారు!"

"తెలుసు." అతను మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "గూటాలు కొట్టే ముందర మట్టం చూస్తారు గదా, ఆడ తేలిపోతాదిలే అనుకున్యా. మట్టం చూసే మిషను రిపేరికి బెంగుళూరు పోయింది. మిషను గీసినదానికి మల్లా కొలిచేదేంది అన్నారు. సరే, ఇంగ ఎవురన్నా వచ్చి, దాసప్పా, ఇది ఒగసారి చూడు అంటారనుకున్యా. ఇరవై ఆరేండ్లు నా కన్ను పడకుండా ఒగ కాగితం బయటికి పోలేదమ్మా. ఒగ దినం జూసినా, రెండు దినాలు జూసినా. పొద్దున్నే ఈడ కూర్చోని ఆ తలుపు దిక్కే చూస్తాంటి."

"నా దగ్గరికి రాకూడదా? తలుపు కొట్టకూడదా?"

"నీ తలుపు మీద రాసింటిరి గదా. దుమ్ము లోపలికి రాకూడదని."

"అది చెప్పులకు..."

"నేను ఆ రాతను చదువుకున్యా. నాకట్ల అర్థమయింది."

భద్రమ్మ మొక్కల సంచుల నడుమ కూలబడినట్టు కూర్చుంది. ఆమె చీర కుచ్చిళ్లు తడి మట్టిలో పడ్డాయి. దాసప్ప చూశాడు గానీ లేవమని చెప్పలేదు.

"ఆ తలుపుకు లోపలి పక్క నేను కూడా ఒక్కదాన్నేనన్నా," అంది. "దినమంతా నోరు తెరిచే పని లేదు నాకు. ఒకోసారి ఆ తెర మీద అంకెలు పైకి చదువుతాంటా. మాట మర్చిపోతానేమోనని."

అతను లేచి, షెడ్డులోకి వెళ్లి, మేస్త్రీలు గోడ మట్టం చూసుకునే పొడుగాటి ప్లాస్టిక్ గొట్టాన్ని చుట్టగా చుట్టి భుజానికి వేసుకుని వచ్చాడు.

"పొద్దున్నే కూలీల ట్రాక్టరు పోతాది. నువ్వూ రా. మట్టం చూడందే తప్పని చెప్పకూడదు. నువ్వన్నా, నేనన్నా."

మంగళవారం పొద్దున ట్రాక్టరు తొట్టిలో కూలీల మధ్య భద్రమ్మ నిలబడింది. సెనక్కాయ చేలు పూత మీద ఉన్నాయి. రెండు వారాలుగా వాన లేక ఆకులు ముడుచుకుంటున్నాయి. ఆడవాళ్లు ఆమెకు చోటిచ్చి, మాటలు ఆపేసి, దారి పొడుగునా మౌనంగా వచ్చారు.

గుట్ట కింద ఎర్రటి కట్ట అప్పుడే మనిషెత్తు దాటింది. ఆమె దాన్ని తెర మీద వందసార్లు చూసింది. నేల మీద చూడడం మాత్రం ఇదే మొదలు. తెర మీద పచ్చటి గీత. ఇక్కడ మట్టి, చెమట వాసన, గంపలు. తాను బిళ్లతో అర నిమిషంలో నడిపిన చోట ఎనభై మంది నెల రోజులుగా నడుస్తున్నారని ఆమెకు ఇప్పుడే తట్టింది.

గొట్టంలో నీళ్లు నింపి, దాసప్ప మరవ దగ్గర ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస ఆమె పట్టుకుంది. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. అక్కడ ఒక గుర్తు పెట్టుకుని, గొట్టం ఎత్తుకుని ముందుకు జరిగి, మళ్లీ నింపి, మళ్లీ గుర్తు. అలా కట్ట పొడుగునా పది మజిలీలు వేశారు. దూరంగా కదిరప్ప గొర్రెల్ని ఆపుకుని, కర్ర మీద గడ్డం ఆనించి చూస్తూ నిలబడ్డాడు.

ఆఖరి మజిలీలో భద్రమ్మ కట్ట ఎడమ కొసన నిలబడింది. గొట్టంలో నీళ్లు నిలిచిన చోటికీ ఆమె కాళ్ల కింది నేలకూ మధ్య దూరాన్ని దాసప్ప కర్రతో కొలిచాడు. అక్కడ నేల మరవ కంటే ఎత్తుగా ఉండాలి. మోకాలెత్తు పల్లంలో ఉంది.

"మల్లా చూద్దామా?" అంది ఆమె.

"చూడు," అన్నాడు. మళ్లీ చూశారు. అంతే వచ్చింది.

గంప దించి చెంగుతో ముఖం తుడుచుకుంటున్న ఒకామె దగ్గరికి వచ్చింది. ఆమె పేరు నల్లమ్మ. ఓబన్న కొట్టాల మనిషి. "ఏం జూస్తాండారమ్మా? మా బాయికి ఊట ఎప్పుడొస్తాదనా?" అని నవ్వింది. "సారు చెప్పినాడు, కుంట నిండితే మా బాయిలో నీళ్లు పైకొస్తాయని. మా సిన్నోడు పుట్టినాక ఆ బాయి మెట్టు మీద నీళ్లు జూసిందే లేదమ్మా నేను. అందుకే మా కొట్టాలోళ్లం ఒగరన్నా నాగా పెట్టలే. నువ్వేనంట గదా ఇది గీసింది?"

"నేనే," అంది భద్రమ్మ.

"నీ కడుపు సల్లగుండ," అంటూ నల్లమ్మ గంప ఎత్తుకుంది. తన ఇంటి మీదికి నీళ్లు మళ్లించే కట్ట మీద ఇంకో గంప మట్టి పోసి వచ్చింది.

భద్రమ్మ అక్కడ నిలబడలేక ఎదురుగా ఉన్న బండ చాటుకు నడిచింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు. చుట్టూ ఎనభై మంది ఉన్నారు. ఆ తప్పు తెలిసినవాళ్లు ఇద్దరే. ఆ గదిలో ఏడాది పాటు కూర్చున్న ఒంటరితనం ఇంత బరువుగా ఎన్నడూ లేదు.

తిరిగి వస్తున్నప్పుడు ట్రాక్టరు ఖాళీగా ఉంది. దాసప్ప గొట్టం ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"సారుకు చెప్తా," అంది ఆమె.

"చెప్పు."

"నువ్వు చూసినావని చెప్పను. నేను చేసింది మాత్రం చెప్తా."

"నీకెన్నేండ్లమ్మా?"

"ముప్పై."

"నాకు నాలుగు నెలల్లో పింఛను." అతను రోడ్డు పక్క తంగేడు పొదల్ని చూస్తూ కూర్చున్నాడు.

ఆఫీసు ముందు దిగాక, వెనక షెడ్డు వైపు రెండడుగులు వేసి ఆగాడు. "నీ గదిలోకి ఒగసారి రావచ్చునా? పలక చూడలే నేను."

భద్రమ్మ తాళం తీసింది. అతను చెప్పులు విడిచి, గోనెపట్టా మీద పాదాలు రెండుసార్లు తుడుచుకుని లోపలికి అడుగుపెట్టాడు. "సల్లగుండాదే," అన్నాడు. గోడలు చూశాడు, మిషను చూశాడు, పలక మీద ఇంకా అలాగే పరిచి ఉన్న తన ట్రేసింగును చూశాడు. కొడుకు ఇంటికి తొలిసారి వచ్చిన మనిషిలా ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. ఆమె తన కుర్చీ జరిపింది. బిళ్లను అతని చేతికిచ్చి, అద్దంలోని అడ్డగీతా నిలువుగీతా కలిసే చుక్కను కాగితం మీది గీత పైన ఎలా నిలపాలో చూపించింది.

దాసప్ప నడిపించాడు. తెర మీద పచ్చటి గీత మెల్లగా పాకింది. అతను తెర వైపు చూశాడు. గీత వణికింది.

"చేతిని చూడల్లా, దాన్ని చూడల్లా?"

"రెండూ ఒకటేనన్నా. కొన్నాళ్లకు చెయ్యి గుర్తుకే రాదు."

అతను బిళ్లను జాగ్రత్తగా పక్కన పెట్టేశాడు. "నా చెయ్యి నాకు గుర్తుకు రాకపోతే ఎట్లమ్మా," అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. ట్రేసింగు అంచును అరచేత్తో ఒకసారి చదును చేశాడు.

అప్పుడే అటెండరు ఆదెన్న తలుపు దగ్గరికి వచ్చాడు. "అక్కా, సారు పిలుస్తాండాడు. బిరీన రమ్మన్నాడు."

"నువ్వు కూర్చోన్నా. వస్తా," అని చెప్పి భద్రమ్మ వెళ్లింది.

జయరాముడు బల్ల మీద రెండు మోచేతులూ పెట్టుకుని ఉన్నాడు. వయసు నలభై దాటలేదు గానీ, ఆ వేసవిలో జుట్టు చాలా నెరిసింది.

"పనికాడికి గొట్టం తీసుకుని పోయినారంట. ఎవరు పొమ్మన్నారు?"

ఆమె చెప్పింది. కరెంటు పోయిన రోజు మొదలుకుని మోకాలెత్తు పల్లం దాకా ఏదీ దాచకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ అతను కదల్లేదు. అయిపోయాక లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"గురువారం ఢిల్లీ నుంచి పై అధికారులు వస్తాండారు, తెలుసు గదా," అన్నాడు అటు తిరిగే. "ఈ గుట్టను చూసి, ఇంకో పద్నాలుగు గుట్టలకు ఇట్లే డిజైన్ చేయమని చెప్పేందుకు వస్తాండారు. వాళ్లు వద్దనుకుంటే ఆ యంత్రాన్ని లారీలో ఎక్కించుకుని పోతారు. నిన్ను తీసుకున్నప్పుడు ఎంతమంది నవ్వినారో నీకు తెలీదు భద్రమ్మా. చీరల అంచులు గీసే ఆమెకు ఇంత ఖరీదు మిషన్ ఇస్తావా అన్నారు. ఆమె తప్పు చేయదు, నాది పూచీ అన్నాను."

"తప్పు చేసినాను సార్."

"చేసినావో లేదో నీకెట్ల తెలుసు?" అతను గిరుక్కున తిరిగాడు. "నువ్వు చూసి ఎక్కించింది దాసప్ప ట్రేసింగును. అందులో ఉన్నదే నువ్వు కొట్టింటావు. ముసలాయన. చూపు సరిగా ఉందో లేదో. ఆయనే అంకె తప్పు రాసి ఉంటే?"

"లేదు సార్. ట్రేసింగు సరిగ్గా ఉండాది. నేను నిన్న చూసినా."

"ఆలోచించి చెప్పు. నేను కొట్టాలవాళ్లను ముంచమని చెప్పడం లేదు. రేపే ఎడమ కొసను మీటరున్నర లేపిస్తాను, కట్టను ఇంకా పొడుగు చేస్తాను. వాళ్లకు ఏం కాదు. కానీ ఎందుకు లేపుతున్నామని రాయాలి గదా. పాత ట్రేసింగులో పొరపాటు అని రాస్తే అది చేత్తో గీసిన కాలం నాటి తప్పు. రేపటినుంచి ఆయన్ను రావద్దంటాను. అక్కడితో సరి. కంప్యూటర్‌లో తప్పు అని రాస్తే పద్నాలుగు గుట్టలూ పోతాయి. నువ్వూ పోతావు."

భద్రమ్మకు ధర్మవరంలో అన్న ఇంటి వసారా కళ్ల ముందు మెదిలింది. అక్కడ ఆమె పరుపుచుట్ట పెట్టుకునే మూల కూడా ఇప్పుడు ఇంకొకరిది. వెనక్కి పోవడానికి ఆమెకు చోటు లేదు. అయినా నల్లమ్మ గంప ఎత్తుకుని నడిచిన నడక ముందు ఆ వసారా నిలవలేదు.

"ఇరవై ఆరేండ్లు తప్పు రాయని మనిషి సార్ ఆయన. నేను చేసింది ఆయన నెత్తిన పెట్టను," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "కాగితం తెచ్చి మీ ముందర పెడతా. మీరే చూడండి. అందులో ముప్పై నాలుగని ఉంటాది. చాలు గదా?"

"తే," అన్నాడు జయరాముడు.

ఆమె వరండా మీదుగా దాదాపు పరుగెత్తింది. గుండెల్లో భయమున్నా, ఎన్నాళ్లకో ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. తలుపు తోసింది. దాసప్ప ఆమె కుర్చీలోనే, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ట్రేసింగు పలక మీదే ఉంది. ఆమె వంగి, అంచులు పట్టుకుని చుట్టబోయి, ఆగిపోయింది.

వంకకు ఎడమ పక్క అంకెల దగ్గర కాగితం గరుకుగా పైకి లేచింది. బ్లేడుతో గీకిన గుర్తులు. వాటి మీద కొత్త సిరా మిలమిల మెరుస్తోంది. ముప్పై నాలుగు ఉండాల్సిన చోట ముప్పై అయిదు. దాని పైన ముప్పై ఆరు. ఆ పైన ముప్పై ఏడు. అన్నీ అతని రాతలోనే, అచ్చుగుద్దినట్టు. పక్కన షెడ్డులోంచి తెచ్చుకున్న అతని పాత కలం, బ్లేడు, సిరాబుడ్డి.

"ఏం చేసినావన్నా!"

"నీకు ముప్పై ఏండ్లే," అన్నాడు దాసప్ప. "నేను చూసి కూడా నోరు మూసుకున్యా. దానికి ఏదో ఒగటి కట్టల్ల గదా."

"సారుతో చెప్పేసినా! ట్రేసింగు సరిగ్గుండాదని, నీ రాత తప్పదని చెప్పేసినా!"

అతను కాగితం వైపు చూసుకున్నాడు. "గీతలు ముట్టుకోలేదమ్మా," అన్నాడు సన్నగా. "అంకెలు మాత్రమే మార్చినా. గీతలు అట్లే ఉండాయి."

వరండాలో బూట్ల చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకుంది. ఆ గది నియమం పెట్టింది జయరాముడే. ఈసారి బూట్లు విప్పకుండానే లోపలికి వచ్చాడు. భద్రమ్మ చేతుల్లోంచి కాగితం తీసుకుని దీపం కిందికి పట్టుకున్నాడు. కళ్లు చిట్లించి చూశాడు. తర్వాత వేలితో ఒక అంకెను తాకాడు. వేలికి నల్లటి మరక అంటుకుంది.

ఆ మరకను ఇద్దరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నాడు.

"ఇది ఎవరు చేసినారు?"

దాసప్ప కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవబోయాడు. అతను పూర్తిగా లేచి నిలబడేలోగానే భద్రమ్మ ఒక అడుగు ముందుకు వేసి, అతనికీ జయరాముడికీ మధ్య నిలబడి, నోరు తెరిచింది.